వసంతంలో సరీసృపాలను వెతకాలంటే ఎక్కడికి వెళ్ళాలి? శేషాచలం, సముద్రతీరం, నల్లమల, మన్యం కొండల మధ్య ఒక పోలిక

ఉగాదికి వారం ముందు, పదిహేను కప్పల పేర్లు రాసుకున్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, నల్లమల అంచున ఉన్న ఒక వాగుకు నేను వెళ్ళిన సంవత్సరం ఇప్పటికీ గుర్తుంది. వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో మిగిలిన ఒక్క మడుగులో మోకాలి లోతు పచ్చటి నీరు, నా అడుగుల చప్పుడుకు నీటి మీదనే నాలుగు గెంతులు గెంతి మునిగిపోయిన రెండు చిన్న కప్పలు, అంతే. ఆ రెండూ ఏడాది పొడవునా ప్రతి చెరువులోనూ కనబడే రకమే. వాటి కోసం రెండు గంటలు గడిపి తిరిగి వస్తుండగా, పొద్దున నేను కన్నెత్తి చూడకుండా దాటిపోయిన బండల మీద ఒక మగ తొండ ఎర్రటి వీపుతో తల ఆడిస్తూ కనిపించింది. కాలానికి తగిన జీవిని వెతకడం మానేసి, పుస్తకంలో చదివిన జీవిని వెతకడమే నేను చేసిన పొరపాటు.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణం కూడా ఉంది. సరీసృపాలను, ఉభయచరాలను వెతుక్కుంటూ తిరిగే అలవాటు గురించి మనం చదివే సమాచారంలో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా నుంచి, ఐరోపా నుంచి వస్తుంది. అక్కడ చలికాలమంతా నేల కింద దాక్కున్న జీవులు మార్చి, ఏప్రిల్ నెలల్లో కురిసే తొలి వెచ్చని వానలకు ఒక్కసారిగా బయటికి వస్తాయి కాబట్టి, వసంతం అంటే కప్పలకూ, బల్లిలా తోక ఉండే ఉభయచరాలైన సాలమాండర్లకూ పండుగ. తెలుగునాట వసంతం వానలేని కాలం. మన కప్పల్లో అత్యధికం జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేదాకా మట్టిలోనో, చెట్టు తొర్రల్లోనో, స్నానాల గది మూలల్లోనో నోరు మెదపకుండా కాలం గడుపుతాయి. సాలమాండర్లు మనకు లేనే లేవు. అందువల్ల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ప్రయాణం పెట్టుకునేవారు బల్లులను, తొండలను, తాబేళ్ళను, మొసళ్ళను దృష్టిలో పెట్టుకుని చోటును ఎంచుకోవాలి. పాములు కనబడితే కనబడతాయి. వాటి మీద ప్రయాణమంతా ఆధారపెట్టడం తెలివైన పని కాదు.

మొదట శేషాచలం సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ దొరికేది మరోచోట అంత సులువుగా దొరకదు. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చిన తెలుగువారు లక్షల్లో ఉంటారు. అదే పేరుతో నిజంగా ఒక బల్లి తిరుమల కొండల్లో తిరుగుతున్నదని తెలిసినవారు మాత్రం తక్కువ. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ 1870లో ఈ బంగారు బల్లిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడెస్ ఆరియస్. మొదటి మాటలో అందమైన వేళ్ళనే అర్థం, రెండో మాటలో బంగారమనే అర్థం ఉన్నాయి. ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద తెలిసినవి రెండే జాతులు. రెండవది శ్రీలంకలో ఉంది. తిరుమల పరిసరాల్లోని చక్రతీర్థం వంటి రాతి లోయలూ, తలకోన జలపాతం చుట్టూ ఉన్న తడి బండలూ దీనికి ఇష్టమైన చోట్లు.

పేరు చూసి మెరిసిపోయే పసుపును ఊహించుకుని వెళ్ళేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నిండు పసుపు రంగు తేరిన మగబల్లి ప్రతిసారీ కనబడదు. ఎక్కువసార్లు కనబడేది రాతి రంగులో కలిసిపోయే గోధుమవన్నె బల్లి. కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. సాయంత్రం వెలుగు తగ్గుతుండగా రాతి చీలిక లోపలినుంచి, ఇంట్లో బల్లి పలికే దానికన్నా బాగా గట్టిగా, వరుసగా టక్కుటక్కుమనే అరుపు వినిపిస్తుంది. ఆ చీలికకు నాలుగు అడుగుల దూరంలో టార్చిని చేతితో సగం మూసి, పక్కవాటుగా వెలుగు పడనిస్తే మొదట వేళ్ళు కనిపిస్తాయి: ఒక్కొక్క వేలి చివర రెండుగా విడిపోయిన చిన్న ఆకుల జతలాంటి మెత్తలు రాతికి అతుక్కుని ఉంటాయి. అదే గోడ మీద, నీడ పట్టున, బఠాణీ గింజలు అతికించినట్టు తెల్లని గుడ్లు గుంపులుగా కనబడవచ్చు. చాలా ఆడబల్లులు ఒకే చోట గుడ్లు పెట్టడం, పిల్లలు వెళ్ళిపోయాక పాత పెంకుల మచ్చలు రాతికే మిగిలిపోవడం ఈ జాతి అలవాటు. వాటిని గోటితో గీకి చూడాలన్న కుతూహలాన్ని అక్కడే ఆపుకోవాలి.

శేషాచలంలో తిరుమల వైపు వెళ్ళాలా, తలకోన వైపు వెళ్ళాలా అన్న ప్రశ్నకు నా సమాధానం తలకోన. తిరుమలలో జనం ఎక్కువ, చీకటిపడ్డాక దారి తప్పి పక్కకు తిరగడానికి అనుమతి ఉండదు, 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయిన తరువాత ఆంక్షలు ఇంకా గట్టిపడ్డాయి. తలకోన శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది; అక్కడ స్థానిక వనసంరక్షణ సమితి ద్వారా నడిచే పర్యాటక ఏర్పాట్లు ఉన్నాయి, అడవి తెలిసిన మనిషి వెంట వస్తాడు. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. మార్చిలో ధార సన్నబడినా రాళ్ళలో తడి మిగిలే ఉంటుంది, బల్లికి కావలసింది ఆ తడే. అయితే మహాశివరాత్రి రోజుల్లో సిద్ధేశ్వరస్వామి గుడికి వచ్చే జనసందోహం మధ్య బల్లి కోసం వెతకడం వృథా కాబట్టి, ఆ వారాన్ని వదిలిపెట్టి వెళ్ళడం మంచిది. ఏప్రిల్ మధ్య దాటితే ఎండ దెబ్బతో పాటు అడవి మంటల భయం కూడా మొదలవుతుంది.

సముద్రతీరం ఎంపిక పూర్తిగా వేరే రకం మనుషులకు తగినది. పిల్లలతో, పెద్దలతో వెళ్ళేవారికి, రాళ్ళ మీద ఎక్కి దిగలేనివారికి, పాము అంటే వణికే కుటుంబ సభ్యులను వెంట తీసుకువెళ్ళేవారికి నేను మొదట చెప్పేది ఇదే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో విడివిడిగా ఒడ్డుకు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట తవ్వి ఒక్కొక్కటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో వేలసంఖ్యలో ఒకేసారి వచ్చే దృశ్యం మన దగ్గర ఉండదు. దాన్ని ఆశించి విశాఖకు వెళితే నిరాశ తప్పదు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కనుక, ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు బయటికి వస్తాయి. విశాఖ తీరంలోనూ, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లోనూ, బాపట్ల సూర్యలంకలోనూ అటవీశాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి గుడ్లను కంచె కట్టిన చోటికి మార్చి కాపాడుతుంటారు. పిల్లలను సముద్రంలోకి వదిలే ఉదయం ఎప్పుడో ముందురోజు ఫోను చేసి కనుక్కోగలిగితే, అరచేతిలో పట్టే నల్లని పిల్లలు తడి ఇసుక మీద రెక్కల్లాంటి కాళ్ళతో గీతలు గీసుకుంటూ వెళ్ళి, మొదటి అల తాకగానే వెనక్కి కొట్టుకువచ్చి, మళ్ళీ అదే దిక్కుకు తిరగడం చూడవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు దాచకుండా చెప్పాలి. మొదటిది, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీరం వెంట నడిస్తే బతికిన తాబేలుకన్నా చచ్చి కొట్టుకువచ్చిన తాబేలే ముందు కనబడే అవకాశం ఎక్కువ. వలల్లో చిక్కుకుని ఊపిరి అందక చనిపోయేవి ప్రతి ఏడూ ఉంటాయి, కాబట్టి చిన్నపిల్లలకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది. రెండవది, గుడ్లు పెట్టే తల్లి తాబేలును చూడాలనే కోరికతో రాత్రిళ్ళు టార్చి వేసుకుని ఒడ్డు మీద తిరగడం ఆ తల్లిని గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిప్పి పంపడంతో సమానం. తెల్లని వెలుగు, ఫోను ఫ్లాష్ రెండూ వద్దు. కార్యకర్తల వెంట వెళ్ళగలిగితేనే రాత్రి నడక పెట్టుకోవాలి, లేకపోతే ఉదయంతో సరిపెట్టుకోవాలి.

నల్లమల పేరు పెద్దది. అటు నాగార్జునసాగర్–శ్రీశైలం, ఇటు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు కలిసి విస్తరించిన ఈ అడవిలో సరీసృపాల జాబితా పొడవుగానే ఉంటుంది. నాగార్జునకొండ ప్రాంతం నుంచి 1976లో వర్ణించిన నాగార్జునసాగర్ రేసర్ అనే సన్నని పాము ఈ నేల పేరునే మోస్తున్నది. కానీ వసంతంలో సరీసృపాల కోసమే ప్రయాణం చేసేవారికి నేను నల్లమలను సిఫారసు చేయను. ఈ జీవుల్లో చాలావాటికి అనుకూలమైన సమయం చీకటిపడిన తరువాతి మూడు గంటలు. పులుల అడవిలో కాలినడకకు ఆ సమయంలో అవకాశం లేదు, హైదరాబాద్–శ్రీశైలం రహదారి కూడా అభయారణ్యం లోపల రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. పగటి సఫారీలో వాహనం నుంచి దిగనివ్వరు. రాలిన ఆకుల మధ్య పడుకున్న పామును జీపులోనుంచి చూడగలిగినవారిని నేను ఇంతవరకు కలవలేదు. శ్రీశైలం యాత్రకు ఎలాగూ వెళుతున్నవారు ఉదయం బండల మీద ఎండ కాచుకునే తొండలను, అదృష్టం బాగుంటే ఒక ఉడుమును చూసుకుని సంతోషించవచ్చు.

తూర్పు కనుమల ఉత్తర భాగం, అంటే మారేడుమిల్లి, పాడేరు, అనంతగిరి, అరకు వైపు ఉన్న మన్యం, ఈ పోలికలో అన్నిటికన్నా సంపన్నమైనదీ, అన్నిటికన్నా జాగ్రత్త కోరేదీ. వసంతంలోనూ పారే వాగులు ఇక్కడే ఎక్కువ. కప్పలు కావలసిందేనని పట్టుబట్టేవారికి మిగిలిన ఒకే ఒక్క దారి ఇది. ఏప్రిల్‌లో ఉరుములతో కురిసే మామిడి జల్లు ఒకటి పడిన మరునాటి రాత్రి, కాఫీ తోటల పక్కన నీటి గుంటల దగ్గర చెట్టుకప్పల పిలుపులు వినబడతాయి. జల్లు పడకపోతే వాగు రాళ్ళ మధ్య ఉండేవాటితో తృప్తిపడాలి. ఈ కొండలు ఇంకా పూర్తిగా చదవని పుస్తకం లాంటివి. బెడ్డోమ్ 1877లో వర్ణించిన, ఒడిశాలోని జైపూర్ పేరు మోసే నేలబల్లి నూట ముప్పై ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండి, ఈ శతాబ్దంలోనే ఒడిశాలోని దేవమాలిలోనూ మన గాలికొండలోనూ తిరిగి దొరికింది. అరకు దారిలో కాఫీ తాగడానికి ఆగే వేలమంది దాని పక్కనుంచే వెళుతుంటారు.

ఇక్కడే గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంటుంది. మార్చి నుంచి మే దాకా అది జతకట్టే, గూడు కట్టే కాలం. ఎండుటాకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లను కాచే పాము ప్రపంచంలో ఇదొక్కటే. గూడు దగ్గర ఉన్న ఆడపామును వెతుక్కుంటూ వెళ్ళడం ఎవరికీ తగదు. ఆ జిల్లాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఊరివారితో మాట్లాడి గూళ్ళను కాపాడుతున్నారు. బయటి మనుషుల రాకపోకలు పెరిగితే ఊరివారి ఓర్పు తగ్గుతుంది, పామును చంపడంతో కథ ముగుస్తుంది.

మన్యాన్ని ఎంచుకునే ముందు ఆలోచించవలసిన అసలు విషయం ఆసుపత్రి దూరం. మన దేశంలో వాడే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికి తయారైనది. గిరినాగు కాటుకు, వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చని పిట్ వైపర్ కాటుకు ఆ మందు ఉద్దేశించినది కాదు. మైదానంలో కాటు పడితే 108 వాహనంలో త్వరగా పెద్ద ఆసుపత్రికి చేరవచ్చు. ఘాట్ రోడ్డు మీద, ఫోను సిగ్నల్ లేని మలుపులో, అదే ప్రయాణం గంటలు తీసుకుంటుంది. అందుచేత మొదటిసారి వెళ్ళేవారు మన్యాన్ని రెండో ఏటికో మూడో ఏటికో వాయిదా వేసుకుని, ఈలోగా సులువైన చోట్ల కన్ను, అడుగు రెండింటినీ అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చీలమండ దాటే బూట్లు, ఒక హెడ్‌ల్యాంపు, దానికి తోడు మరో టార్చి, వెంట కనీసం ఒక మనిషి, ఇవి ఎక్కడికైనా తప్పనిసరి. చేయి పెట్టే చోటు కంటికి కనబడాలన్నది ఒక్కటే నియమం అనుకున్నా చాలు. కాటు పడితే గాటు పెట్టకుండా, గట్టిగా కట్టు బిగించకుండా, ఆ భాగాన్ని కదపకుండా ఆసుపత్రికి చేరాలి. నాటు మందు దగ్గర ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే.

హైదరాబాద్‌లో ఉండి, ఒక్క ఆదివారం మాత్రమే తీరిక దొరికేవారికి ఇంత దూరం ఆలోచించవలసిన పని లేదు. నగరం చుట్టూ ఇంకా మిగిలి ఉన్న గండశిలల మీద ఉండే రాతితొండ, నా దృష్టిలో, వసంతం ముదిరేకొద్దీ అందం పెరిగే జీవి. ఆడవీ, పిల్లలూ ఏడాది పొడవునా బండ రంగులోనే ఉంటాయి. మగది ఏప్రిల్ వచ్చేసరికి రంగు తేరి, ఎత్తయిన రాయి మీద చోటు సంపాదించుకుని, ముందుకాళ్ళ మీద దండేలు తీసినట్టు లేచి కూర్చుంటూ ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు గమనించినదేమిటంటే, మరో మగది ఎదురైతే దీని వీపు పసుపుకు తిరుగుతుంది, ఆడది కనిపిస్తే ఎరుపుకు తిరుగుతుంది, ఈ మార్పు క్షణాల్లో జరుగుతుంది. ఉదయం ఏడున్నరకు బండకు ఇరవై అడుగుల దూరంలో కూర్చుని, బైనాక్యులర్ చేతిలో పెట్టుకుని, అరగంట కదలకుండా ఉంటే ఈ తతంగం టిక్కెట్టు లేకుండా చూడవచ్చు. పది దాటితే రాయి కాలుతుంది, తొండ చీలికలోకి వెళ్ళిపోతుంది, మనమూ ఇంటికి వెళ్ళవచ్చు.

అదే ఆదివారాన్ని సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యానికి ఇవ్వాలా అని అడిగేవారికి, ఫిబ్రవరి అయితే మంజీర, ఏప్రిల్ అయితే బండలు అని చెబుతాను. మంజీర మొసళ్ళకు పేరుపడ్డ చోటు. ఉదయపు చలి ఉన్నన్నాళ్ళూ అవి లంకల మీద నోరు తెరుచుకుని గంటలకొద్దీ పడుకుంటాయి. ఎండలు ముదిరాక తొందరగా నీటిలోకి దిగిపోయి ముక్కుపుటాలు, కళ్ళు మాత్రమే మిగులుస్తాయి. పైగా వసంతం అవి ఇసుక గట్ల మీద గుడ్లు పెట్టి కాపలా కాసే కాలం కాబట్టి, మంచి ఫోటో కోసం నీటి అంచుకు దిగడం అనే ఆలోచనే రాకూడదు.

కొందరు ఈ నెలల్లోనే పడమటి కనుమలకు వెళితే ఎలా ఉంటుందని అడుగుతారు. అగుంబె వంటి చోట్ల అసలు వైభవం జూన్ తరువాతే. జలగలకు భయపడి ముందుగా వెళ్ళేవారు జలగలతో పాటు కప్పలను కూడా తప్పించుకుంటారు. కేరళ కొండల్లో ఏడాదిలో ఎక్కువ భాగం నేల కిందనే గడిపి, రుతుపవనాలకు ముందు పడే వానలకు కొద్దిసేపు పైకి వచ్చే ఊదారంగు కప్ప ఒకటి మాత్రం దీనికి మినహాయింపు. దాన్ని చూడాలంటే అక్కడే మకాం వేయాలి, సెలవు చీటీలో తేదీలు రాసి వెళ్ళేవారికి అది దొరికే వ్యవహారం కాదు.

ఏ చోటును ఎంచుకున్నా ముందుగా పూర్తి చేసుకోవలసిన పని అనుమతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ, నాగుపాము వంటివాటిని పట్టుకోవడం నేరం; ఫోటో కోసం తోక పట్టి లేపినా అది పట్టుకోవడమే అవుతుంది. రిజర్వు అడవిలో రాత్రి టార్చితో తిరిగే మనిషిని అటవీ సిబ్బంది వేటగాడిగా అనుమానిస్తే తప్పు వారిది కాదు. రాయి తిప్పి చూసినవారు దాన్ని తిరిగి అదే గుంటలో, అదే వాలులో పెట్టాలి, ఎందుకంటే దాని కింది చెమ్మ ఒక్క మధ్యాహ్నంలో ఆరిపోతుంది. చిత్తూరు, అనంతపురం వైపు పొదల్లో నక్షత్ర తాబేలు కనబడితే ఫోటో తీసుకోండి, కానీ ఊరి పేరుతో సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. ఆ ఫోటోల కింద చోటు ఎక్కడని అడిగేవారిలో వాటిని సంచుల్లో నింపి అమ్ముకునేవారూ ఉంటారు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, మార్చి మొదటి రెండు వారాల్లో, శివరాత్రి తిరునాళ్ళ సద్దుమణిగాక, తలకోనలో రెండు రాత్రులు పెట్టుకుంటాను. కుటుంబంతో అయితే మార్చి చివర విశాఖ తీరం, డబ్బూ తీరికా రెండూ లేనప్పుడు ఏప్రిల్‌లో ఇంటికి దగ్గరి బండ. కప్పల పేర్లు రాసుకున్న ఆ పాత నోటుపుస్తకాన్ని జూన్‌లో తొలి పెద్ద వాన పడిన రాత్రి తీస్తాను. ఆ రాత్రి దూర ప్రయాణం అక్కరలేదు. ఊరి చివర నీళ్ళు నిలిచిన పొలం గట్టు మీదికి వెళితే చాలు, పసుపుపచ్చగా మారిన బోదురుకప్పలు గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బించుకుని అరుస్తూ ఉంటాయి.